బ్యాంకాక్ వెళ్ళే మన గోదావరి వాళ్ళకి: డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి, అక్కడ ఎలా మసులుకోవాలి

పట్టాయాలో మా మామయ్య రొయ్యల దగ్గరే దెబ్బతిన్నాడు. ముప్పై ఏళ్ళుగా చెరువులు చేస్తున్న మనిషి, గుప్పిట్లోకి తీసుకుని చూస్తే కౌంట్ ఎంతో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పేస్తాడు. హోటల్ ముందు ఐసు మీద పేర్చిన రొయ్యల పక్కన 120 అని అట్టముక్క మీద రాసుంది. కిలో 120 బాత్‌లు, అంటే మన మూడొందల అరవై, ఈ సైజు మన చెరువు గట్టు మీద కూడా ఆ రేటుకి రాదర్రా అని మురిసిపోయి కిలోన్నర కాల్పించాడు. బిల్లు 1800 బాత్‌లు వచ్చింది. అక్కడ చేపైనా రొయ్యైనా చాలాచోట్ల ధర కిలోకి కాదు, 100 గ్రాములకి రాస్తారు. ఆ తూకానికి వాళ్ళ భాషలో ఖీత్ అని పేరు. అట్ట మీద ఆ మాట కూడా రాసే ఉంది, థాయి లిపిలో. కాబట్టి ఎవరూ మోసం చెయ్యలేదు, మనం అడగలేదు అంతే.

మన దగ్గర ముందు తినేసి, తర్వాత కౌంటర్ దగ్గర "నేనిస్తాను, కాదు నేనే ఇస్తాను" అని చేతులు పట్టుకుని కొట్టుకుంటాం కదా, ఆ అలవాటు థాయిలాండ్‌లో పనికిరాదు. అక్కడ ముందు ధర, తర్వాత పని. పదకొండు మందిని వెంటేసుకుని ఆరు రోజులు తిరిగొచ్చాక ఊళ్ళో అందరూ అడుగుతున్నారని వరుసగా రాస్తున్నాను.

ముందు కాగితాలు

ఇది తొందరగా చెప్పేస్తాను. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలి. మనవాళ్ళకి వీసా లేకుండా పర్యాటకానికి వెళ్ళే వీలు కల్పించారు గానీ ఎన్ని రోజులు, ఎప్పటిదాకా అన్నది మారుతూ ఉంటుంది, టికెట్ కొనే ముందే థాయి రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోండి. పక్కింటి వాళ్ళు పోయినేడు వెళ్ళొచ్చారు కదా అని వాళ్ళ మాట మీద వెళ్ళకండి. 2025 మే 1 నుంచి విమానం దిగే లోపు ఆన్‌లైన్‌లో ఒక అరైవల్ కార్డు నింపాలి, దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచే ఒప్పుకుంటుంది, పైసా ఖర్చు లేదు. డబ్బులు అడుగుతున్న సైట్ కనబడితే అది నకిలీ అని అర్థం.

ఇమిగ్రేషన్ కౌంటర్లో ఒక్కోసారి చేతిలో డబ్బెంత ఉంది, తిరుగు టికెట్ ఏదీ, హోటల్ బుకింగ్ ఏదీ అని అడుగుతారు. మనిషికి 20 వేల బాత్‌లకు సరిపడా చూపించగలిగేలా ఉంటే టెన్షన్ ఉండదు. ఇంటిల్లిపాది డబ్బూ ఒక్కరి జేబులోనే పెట్టి, మిగతా వాళ్ళు ఖాళీ చేతులతో వేరే లైన్లో నిలబడకండి.

డబ్బు ఎంత, ఏ రూపంలో

బాత్ విలువ ఈ మధ్య రెండున్నర, మూడు రూపాయల మధ్య ఊగుతోంది. మీరు మాత్రం మనసులో మూడు అనే లెక్కేసుకోండి. ప్రతి ధరనీ మూడుతో హెచ్చవేయడం ఇంట్లో పెద్దవాళ్ళక్కూడా సులువు, పైగా ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటే కాస్త మిగిలినట్టు ఉంటుంది. హోటల్, విమానం పోగా తిండికీ తిరుగుడికీ టిక్కెట్లకీ మనిషికి రోజుకి 1500 నుంచి 2000 బాత్‌లు పెట్టుకుంటే మధ్యరకంగా గడుస్తుంది. షాపింగ్ సంగతి మీ ఇంట్లో వాళ్ళకే తెలియాలి.

ఇక ఏ రూపంలో పట్టుకెళ్ళాలి? మూడు చోట్ల మూడు రకాలుగా.

మొదటిది నగదు. ఒక ప్రయాణానికి విదేశీ నోట్ల రూపంలో మనిషికి 3000 డాలర్ల విలువ దాకానే ఇస్తారు, ఆపైన కావాలంటే కార్డులో వేయించుకోవాలి. మన దగ్గర చెరువు పట్టుబడి డబ్బులు నగదుగా చేతిలో ఉంటాయి కాబట్టి ఒక మాట: విదేశీ కరెన్సీ 50 వేల రూపాయలకి మించి కొంటుంటే నగదు తీసుకోరు, బ్యాంకు నుంచే చెల్లించాలి, పాన్ కార్డు కూడా అడుగుతారు. కవర్లో కట్టలు పెట్టుకుని రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్ళి, పొద్దున్నే వెనక్కి తిరిగొచ్చిన వాళ్ళని నేను ఎరుగుదును. లైసెన్సున్న మనీ చేంజర్ దగ్గరే కొనండి, రసీదు తీసుకోండి, ఆ రసీదు ప్రయాణం అయ్యేదాకా పారేయకండి.

డాలర్లా, బాత్‌లా? నా పద్ధతి ఏమిటంటే మొదటి రెండు రోజుల ఖర్చుకి ఇక్కడే బాత్‌లు, మిగతాది వంద డాలర్ల కొత్త నోట్లు. అక్కడ వంద, యాభై నోట్లకి మంచి రేటు, చిన్న నోట్లకి తక్కువ రేటు ఇస్తారు. నోటు మీద పెన్ను గీత, మడత, చిరుగు ఉంటే కొన్నిచోట్ల అసలు తీసుకోరు, అందుకని పర్సులో నలపకుండా పుస్తకంలో పెట్టుకోండి. రూపాయలు పట్టుకెళ్ళి అక్కడ మార్చుకుంటే మాత్రం నష్టమే. రూపాయలు మనిషికి 25 వేలకి మించి దేశం దాటించకూడదు కూడా, దారి ఖర్చులకి ఉంచుకోండి చాలు.

రెండోది ఫారెక్స్ కార్డు, అంటే ఇక్కడే విదేశీ డబ్బు వేయించుకుని పట్టుకెళ్ళే కార్డు. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులు అక్కడ గీకితే చాలా బ్యాంకులు రెండు నుంచి మూడున్నర శాతం దాకా అదనంగా లాగుతాయి, దాని మీద జీఎస్టీ వేరే. ఏ కార్డు పట్టుకెళ్ళినా బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోవాలి. ఓటీపీ వచ్చే సిమ్ పనిచేయకపోతే కార్డున్నా లేనట్టే, కాబట్టి కనీసం ఒక్కరి నంబరుకైనా రోమింగ్ పెట్టించండి. ఫోన్‌పే ఉందిగా అన్న ధీమాతో మాత్రం వెళ్ళకండి. అక్కడ ప్రతి బండి మీదా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది, అది వాళ్ళ బ్యాంకు ఖాతాల వ్యవహారం.

ఏటీఎంలో తీస్తే విదేశీ కార్డుకి ఒక్కో విత్‌డ్రాకి రెండొందలకి పైనే బాత్‌లు అక్కడి బ్యాంకే కోస్తుంది, అంటే మన ఆరొందల పైమాటే. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. తీస్తే ఒక్కసారే తీయండి. అలా తీసేటప్పుడు గానీ, షాపులో కార్డు గీకేటప్పుడు గానీ "రూపాయల్లో లెక్క చూడమంటారా, బాత్‌లలోనా" అని తెర మీద అడుగుతుంది. మన రూపాయి కనపడగానే ప్రాణం లేచొచ్చి దాన్నే నొక్కుతాం. నొక్కకండి. బాత్‌లే ఎంచుకోండి. రూపాయల్లో అంటే ఆ మెషిన్ వాడు తనకు ఇష్టమొచ్చిన రేటు వేస్తాడు. మా పెద్దమ్మ కొడుకు బీటెక్ చదివాడు, వాడూ ఇక్కడే తప్పులో కాలేశాడు.

మూడోది ఉమ్మడి సంచి. గుంపుగా వెళ్తే ఇది లేకపోతే మూడో రోజుకి మాటలు పడతాయి. మొదటి రోజే మనిషికి 2000 బాత్‌లు వసూలు చేసి ఒకరి చేతిలో పెట్టండి. పడవ, టాక్సీ, మంచినీళ్ళు, భోజనం అన్నీ అందులోంచే. సంచి పట్టుకునేవాళ్ళు మొహమాటం లేని మనిషై ఉండాలి, మాకు మా చిన్నత్తయ్య దొరికింది, పది బాత్‌లకి కూడా లెక్క రాసింది.

సామాన్లు సర్దేటప్పుడు

కోనసీమ వాళ్ళకి ముఖ్యంగా చెప్తున్నా, ఎండు కొబ్బరి పెట్టకండి. అందులో నూనె వల్ల తేలిగ్గా అంటుకుంటుందని చెక్-ఇన్ సామాన్లలో ఒప్పుకోరు, స్కానింగ్‌లో కనబడితే పెట్టె విప్పిస్తారు. ఆవకాయ లాంటి నూనె పచ్చళ్ళు చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు, గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో వేయండి. పవర్ బ్యాంకు సంగతి దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. ఎవరికైనా ఇవ్వడానికి ఏం పట్టుకెళ్ళాలి అంటారా, ఆత్రేయపురం పూతరేకులకి మించినది లేదు. గట్టి అట్టపెట్టెలో పెట్టి చేత్తో పట్టుకోవాలి, లేకపోతే దిగేసరికి పొడే మిగులుతుంది.

ఆడవాళ్ళు నగలు తగ్గించుకుంటే మంచిది. తగ్గించరని నాకూ తెలుసు. అందుకే, కాసులపేరు లాంటి పెద్ద నగ పెట్టుకునే వెళ్తామంటే, వెళ్ళేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర చూపించి ఇది ఇక్కణ్ణుంచే తీసుకెళ్తున్నాం అని ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే తిరిగొచ్చాక అది అక్కడ కొన్నది కాదని నిరూపించుకోవడం మీ తలనొప్పి.

దిగిన వెంటనే

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో బయటికి రాగానే కనపడే మనీ చేంజ్ కౌంటర్లలో రేటు బాగుండదు. ఓపిక పట్టి కింద బేస్‌మెంట్‌కి, సిటీలోకి వెళ్ళే రైలు స్టేషన్ దగ్గరికి దిగండి, అక్కడి చిన్న కౌంటర్లలో చాలా మెరుగు. పాస్‌పోర్టు అడుగుతారు. నోట్లు లెక్కపెట్టుకున్నాకే కౌంటర్ దగ్గర్నించి కదలండి.

నోట్ల రంగులు ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ రాత్రే చూపించండి: 20 ఆకుపచ్చ, 50 నీలం, 100 ఎరుపు, 500 ఊదా, 1000 గోధుమ రంగు. వెయ్యి నోటు పట్టుకుని కొబ్బరి బోండాల బండి దగ్గరికి వెళ్తే చిల్లర ఉండదు. సందుకొకటి ఉండే సెవెన్ ఎలెవెన్ కొట్టులో మంచినీళ్ళ సీసా కొని వెయ్యి మార్చేసుకోండి. అదే కొట్లో పాల ప్యాకెట్ మీద సంవత్సరం 2569 అని కనపడితే కంగారుపడకండి, అది బుద్ధ శకం, మన లెక్కకి 543 ఎక్కువ. తీసేసి చూసుకుంటే గడువు తెలుస్తుంది.

సిటీలోకి రైలు పూర్తి దూరానికి 45 బాత్‌లు. పెట్టెలు ఎక్కువుంటే మీటర్ టాక్సీ, మీటరు 35 దగ్గర మొదలవుతుంది, ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే 50 అదనం, దారిలో టోల్ మనమే కట్టాలి. ఈ రెండూ మామూలే, వాటికి గొడవ పడొద్దు. మీటరు వేయకుండా "ఇంత" అని చెప్పేవాడి బండి మాత్రం ఎక్కకండి. రాత్రిపూట మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్ యాప్ నయం, ఎక్కే ముందే ధర తెలుస్తుంది.

ధర అడగడం, బేరమాడటం

నేర్చుకోవాల్సిన మొదటి మాట "తావ్ రై", ఎంత అని. మగవాళ్ళు ఏ మాట చివరైనా "ఖ్రప్" అనాలి, ఆడవాళ్ళు "ఖా" అనాలి. మన కోనసీమలో మాట మాటకీ "అండి", "ఆయ్" తగిలిస్తాం చూశారూ, అచ్చం అలాంటిదే. అది లేకుండా మాట్లాడితే మొరటుగా వినపడుతుంది, అది ఉంటే వచ్చీరాని మాటైనా నవ్వి దగ్గరికి తీసుకుంటారు. మా పెద్దమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు, "ఖా" ఒక్కదాంతో ఆరు రోజులూ నెగ్గుకొచ్చింది.

రెండో మాట "లోత్ దై మై", తగ్గిస్తారా అని. ఇది సంతలో, బట్టల వరసలో, బొమ్మల కొట్లో అనొచ్చు. శని, ఆదివారాల్లో చతుచక్ సంతకి వెళ్తే నాలుగైదు ఒకేచోట కొని అడగండి, తగ్గిస్తారు. కానీ మన సంత బేరం వేరు. మనం సగానికి అడిగి, వెనక్కి తిరిగి నడిచి, మళ్ళీ పిలిపించుకుంటాం. అక్కడ సగానికి అడిగితే కొందరు మొహం తిప్పేసుకుంటారు, నడిచి వెళ్ళిపోతే పిలవను కూడా పిలవరు. నవ్వుతూ ఓ పాతిక శాతం లోపు తగ్గించమనండి. వాళ్ళు ఒప్పుకున్నాక కొనకుండా వెళ్ళడం మాత్రం తప్పు. తిండి బండి దగ్గరా, ధర అంటించిన కొట్లోనూ, మాల్‌లోనూ బేరం లేదు. నలభై బాత్‌ల నూడుల్స్‌కి ముప్పై అయిదు అని అడిగితే పరువు పోతుంది, మనది కూడా.

పెద్ద హోటల్లో మెనూ మీద ధర పక్కన ++ అని గుర్తుంటే, పది శాతం సర్వీసు చార్జీ, ఏడు శాతం పన్ను ఆ పైన పడతాయని అర్థం. అలా సర్వీసు చార్జీ వేసినచోట విడిగా టిప్పు అక్కర్లేదు. మామూలు చోట్ల మిగిలిన చిల్లర వదిలేస్తే చాలు, మసాజ్ చేసినవాళ్ళకి 50, 100 ఇవ్వడం ఆనవాయితీ. గొప్పకి పోయి ఐదొందలు ఇవ్వకండి, వెనకాల వచ్చేవాళ్ళకి ఇబ్బంది.

చేప, రొయ్య, పీత అయితే మామయ్య పాఠం: "ఖీత్ ఆ, కిలో ఆ" అని అడగండి, తూకం మీ ఎదుట వేయించండి, మొత్తం ఎంతవుతుందో క్యాలిక్యులేటర్ మీద చూపించమనండి. అక్కడ ప్రతివాళ్ళ దగ్గరా క్యాలిక్యులేటర్ ఉంటుంది, మొహమాటం లేకుండా వాళ్ళే చేతికిస్తారు.

ముందు ధర అడగాలన్నాను గానీ ఒక్కచోట అడగకూడదు. పట్టాయాలో బీచ్ రోడ్డు మీద సాంగ్‌థ్యావ్ అని వెనక రెండు బెంచీలున్న బళ్ళు అదే దారిలో తిరుగుతుంటాయి, మన షేర్ ఆటోల్లాగా. చెయ్యెత్తి ఎక్కడం, బెల్లు నొక్కి దిగడం, చిల్లర ఇవ్వడం. మేం వెళ్ళినప్పుడు మనిషికి 10 బాత్‌లు. "ఎంత" అని అడిగారంటే కొత్తవాళ్ళని తెలిసిపోయి మొత్తం బండి కిరాయికి మాట్లాడుతున్నారనుకుని మూడొందలంటాడు.

శాకాహారులకి ఒక చేదు నిజం, అక్కడ కూరలో చేప సాస్ పడని వంటకం తక్కువ. "జే" అని పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసున్న కొట్టు కనబడితే నిశ్చింతగా తినొచ్చు, వెల్లుల్లి ఉల్లి కూడా వేయరు. మిగతాచోట "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేసి పెడతారు, చారు మాత్రం అదే.

మసులుకునే తీరు

ఇందులో సగం మనకి ఇంట్లోనే వచ్చు. గుడి ముందు చెప్పులు విప్పడం, పెద్దవాళ్ళ ముందు కాలు చాపకపోవడం, కాలితో వస్తువు జరపకపోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. బుద్ధుడి విగ్రహం ముందు కూర్చుంటే కాళ్ళు వెనక్కి మడుచుకోండి, పాదాలు విగ్రహం వైపు ఉండకూడదు.

తేడా వచ్చేది తల దగ్గర. మన పెద్దవాళ్ళు ముద్దొచ్చిన పిల్లల తల నిమురుతారు. అక్కడ తల పవిత్రం, పరాయివాళ్ళు ముట్టుకోకూడదు. హోటల్ వాళ్ళ పాపని మా పెద్దమ్మ అలా నిమరబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇక భిక్షువులని ఆడవాళ్ళు తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే మగవాళ్ళ చేత ఇప్పించాలి లేదా వాళ్ళు పరిచిన గుడ్డ మీద పెట్టాలి. బస్సులో, పడవలో భిక్షువు పక్కన ఖాళీ ఉన్నా ఆడవాళ్ళు కూర్చోరు.

రాజుగారి విషయంలో సరదాలు వద్దు. రాజకుటుంబాన్ని కించపరిస్తే అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. నోట్ల మీద, నాణేల మీద రాజు బొమ్మే ఉంటుంది. దొర్లిపోతున్న నాణేన్ని కాలితో తొక్కి ఆపారంటే చూసేవాళ్ళు నొచ్చుకుంటారు. మనకీ డబ్బుకి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటుంది కదా, అదే గుర్తుంచుకోండి. ఉదయం 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినపడితే అందరూ ఆగిపోతారు, మీరూ ఆగండి.

గ్రాండ్ ప్యాలెస్‌కి టికెట్ 500 బాత్‌లు. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు, పల్చటి బట్టలు అయితే లోపలికి పంపరు. చీర మంచిదే, పైట నిండుగా కప్పుకుంటే చాలు. గేటు బయట పెద్దమనిషిలాంటి వాడొకడు వచ్చి "ఈరోజు మూసేశారు, పూజ ఉంది, నేను ఇంకో గుడి చూపిస్తా, టుక్‌టుక్ ఇరవై బాత్‌లే" అంటాడు. మూసెయ్యలేదు. ఆ ఇరవై బాత్‌ల బండి రంగురాళ్ళ కొట్టు దగ్గర ఆగుతుంది. వాడికి నవ్వి దణ్ణం పెట్టి గేటు దాకా నడిచి వెళ్ళండి. అక్కణ్ణుంచి వాట్ అరుణ్ గుడికి నది దాటే పడవ కొద్ది బాత్‌లే, మన సఖినేటిపల్లి, నరసాపురం పంటు ఎక్కినట్టే ఉంటుంది, కాకపోతే పంటు మీద కారు ఎక్కించొచ్చు, ఇక్కడ మనుషులే.

గొంతు. ఇది రాయాలా వద్దా అనుకున్నాను. మనం ఫోన్‌లో మాట్లాడితే గట్టు అవతలికి వినపడుతుంది, ప్రేమగా మాట్లాడినా దెబ్బలాడినట్టే ఉంటుంది. బ్యాంకాక్ మెట్రోలో పదకొండు మందిమి ఎక్కి "ఇటు రండర్రా, సీటుంది" అని అరిచేసరికి బోగీ మొత్తం మా వైపే చూసింది. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గుగా అనిపించింది.

పేచీ వస్తే

అరిస్తే పని అవుతుందనేది మన బస్టాండు సూత్రం. అక్కడ గొంతు పెంచినవాడే ఓడిపోయినట్టు లెక్క, ఎదుటివాడు నవ్వుతూనే ఇక సాయం చెయ్యడం మానేస్తాడు. "జై యెన్ యెన్" అంటారు, మనసు చల్లగా ఉంచుకో అని. నెమ్మదిగా, రసీదు చూపించి అడగండి.

జెట్ స్కీ, మోటార్ సైకిల్ అద్దెకి తీసుకుంటే ముందే నాలుగు వైపులా గీతలన్నీ వీడియో తీసుకోండి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు పాత గీతకి వేలల్లో అడుగుతారు. పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టుగా ఇవ్వకండి, నగదు డిపాజిట్ ఇస్తామనండి. బండి నడపాలంటే ఇక్కడే ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి, అది లేకుండా పడితే ఇన్సూరెన్స్ రాదు. టూరిస్టు పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు.

ఈ-సిగరెట్లు అక్కడ నిషేధం, సరదాకి కూడా పట్టుకెళ్ళొద్దు. తిరిగొచ్చేటప్పుడు "మా తమ్ముడికి ఇవ్వండి" అని ఎవరైనా ప్యాకెట్ ఇస్తే, ఆ అడిగినవాళ్ళు మన ఊరివాళ్ళైనా సరే, తీసుకోకండి. బ్యాంకాక్ విమానాల్లో గంజాయితో మన ఎయిర్‌పోర్టుల్లో దొరికిపోతున్నవాళ్ళ వార్తలు మీరూ చూస్తూనే ఉన్నారు.

తిరుగు ప్రయాణం

కొన్న సామాను ఒకే కొట్లో ఒకే రోజు 2000 బాత్‌లు దాటితే, ఆ కొట్టుకి టూరిస్టు రిఫండ్ గుర్తు ఉంటే, పాస్‌పోర్టు చూపించి ఫారం రాయించుకోండి. కొన్నది పెద్ద మొత్తమైతే ఎయిర్‌పోర్టులో పెట్టెలు అప్పగించక ముందే కస్టమ్స్ ముద్ర వేయించాలి, ఆ తర్వాత లోపల కౌంటర్లో పన్నులో కొంత తిరిగిస్తారు. చాలామంది పెట్టెలు వేసేశాక గుర్తొచ్చి నాలిక కరుచుకుంటారు. పూజగదికని బుద్ధుడి విగ్రహం కొనకండి, దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి.

మిగిలిన నోట్లు తెచ్చుకోవచ్చు, 2000 డాలర్ల విలువ దాకా వచ్చే ప్రయాణానికి దాచుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకుంటాయి. నాణేలు మాత్రం ఇక్కడ ఎవరూ మార్చరు, అక్కడే ఎయిర్‌పోర్టులో నీళ్ళ సీసాకో చాక్లెట్లకో వదిలించుకోండి. మిగిలితే పర్సులో ఉంచకండి, పది బాత్‌ల నాణెం చుట్టూ తెలుపు, మధ్యలో పసుపు, చూడ్డానికి మన పది రూపాయల బిళ్ళకి అన్నదమ్ముడిలా ఉంటుంది. నాది ఒకటి పాలకొల్లు బస్సులో ఇస్తే కండక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయన మన రాజు కాదండి" అని చేతిలో పెట్టాడు.